ఎండ చూడని టీషర్టు

పొద్దున్నే పాలు పొంగి స్టవ్ మీద పడ్డాయి. తుడుద్దామని చెయ్యి చాస్తే మేకుకి వేలాడాల్సిన గుడ్డ లేదు. మొన్నమొన్నటిదాకా అది ఇంటాయన టీషర్టు. బూడిదరంగు నూలుది. ఉతికి ఉతికి పల్చబడి, మెడ సాగి, వీపున చిల్లులు పడ్డాక, ఇక దీని రుణం తీరిపోయిందని ఆవిడే కుడిచెయ్యి చింపేసింది. ఎడమ చెయ్యి కూడా చింపబోతుంటే ఎవరో పిలిచారు. సరే, ఉన్నది ఉన్నట్టే తుడుచుకోడానికి పనికొస్తుందిలే అని మేకుకి తగిలించింది. ఇప్పుడా ఒంటిచెయ్యి గుడ్డ మాయమైపోయింది.

స్టవ్ గుడ్డలెత్తుకుపోయే దొంగలు కూడా తయారయ్యారన్నమాట అనుకుని, ఆవిడ ఒక పాత పేపరు ముక్కతో తుడిచేసి పన్లో పడింది. ఆ గుడ్డ సంగతి మళ్ళీ చాలా రోజులదాకా ఆలోచించలేదు.

ఆవిడని అందరూ దుప్పట్లమ్మ అంటారు. ఒక పెద్ద హాస్టల్లో దుప్పట్ల గది ఆవిడ చేతిలో ఉంటుంది. అక్కడి ఆడపిల్లలు పెట్టిన పేరు ఇంటిదాకా వచ్చేసింది, కట్టుకున్నవాడు కూడా అదే పేరుతో ఆటపట్టిస్తాడు. ఆయనదీ అలాంటి పేరే. రోడ్ల మీద తెల్లగీతలు వేసే ముఠాకి మేస్త్రీ కాబట్టి గీతల మేస్త్రీ. గీతలంటే సుద్దముక్కతో గీసేవి కావు. పొడిరంగుని పెద్ద డ్రమ్ములో వేసి, కింద మంట పెట్టి కరిగించి, సలసల కాగేదాన్ని బండిలో పోసి రోడ్డు మీద లాక్కుంటూ పోవాలి. కింద రోడ్డు కాలుతుంటుంది, పక్కన డ్రమ్ము కాలుతుంటుంది, నెత్తిన సూర్యుడు సరేసరి. ఆ మధ్యలో నిలబడే మనిషికి ఒంటిమీద ఏ గుడ్డ ఉందన్నది చిన్న విషయం కాదు.

ఈ దంపతులకి ఒక్కతే కూతురు. పుట్టినప్పట్నుంచీ ముక్కు మీద కోపం కాబట్టి మేస్త్రీ దానికి మిరపకాయ అని పేరు పెట్టాడు, అదే స్థిరపడింది. బట్టలు కుట్టి ఓడల్లో పంపించే ఒక ఫ్యాక్టరీలో, తనిఖీ గదిలో మంచి ఉద్యోగం చేసేది. ఏ గుడ్డ ఎంత సాగుతుంది, ఏ రంగు ఎన్ని ఉతుకులకి దిగుతుంది అన్నది దానికి కొట్టిన పిండి. ఉన్నట్టుండి ఆ ఉద్యోగం మానేసి, స్నేహితురాలితో కలిసి ఒక గది అద్దెకి తీసుకుని, సొంతంగా టీషర్టులు కుట్టిస్తానంది. అవీ అందరికీ కాదట. ఆరుబయట ఎండలో పనిచేసేవాళ్ళకి మాత్రమేనట. వాళ్ళకి ఎవరూ గుడ్డ చూసి కొనరని, ధర చూసి కొని మొహాన కొడతారని, నాన్నని చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉన్నానని చెప్పింది.

ఆ చివరి మాట విన్నాకైనా మేస్త్రీ ఊరుకోవాల్సింది. ఆయన మనసు వెన్నే గానీ నోరు మాత్రం ఆయన మాట వినదు. "ఇంత చదివించింది బనియన్లు అమ్ముకోడానికా?" అనేశాడు.

మిరపకాయ కంచం ముందునుంచి లేచిపోయింది. ఆ రోజునుంచి తండ్రీకూతుళ్ళ మధ్య మాటల్లేవు. నాన్నని తలుపేసుకోమను, దాన్ని టీవీ తగ్గించమను, అన్నీ దుప్పట్లమ్మ మీదుగానే నడిచాయి. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరి మధ్య కబుర్లు మొయ్యడమంత దండగమారి పని ఇంకోటి లేదు. వానాకాలం అలాగే వెళ్ళిపోయింది, చలికాలం కూడా. చివరికి మిరపకాయ మకాం కూడా ఆ అద్దెగదికే మార్చేసింది. ఆవిడకి ఇల్లు ఇల్లులా అనిపించడం మానేసింది. హాస్టల్లోనే ఇంకాసేపు ఉండిపోతే బాగుండుననిపించేది.

ఎండలు ముదిరే ముందు ఒక సాయంత్రం మిరపకాయ ఒక కవరు తెచ్చి నేరుగా తండ్రి ఒళ్ళో పెట్టింది. అందులో ముదురు నీలం టీషర్టు ఉంది.

"నాన్నా, ఇది రోజూ వేసుకుని పనికెళ్ళు. నూలులో పాలియెస్టర్ కలిపిన గుడ్డ. చిరగదు, వెలవదు, మెడ సాగదు, అంతవరకు నాకు తెలుసు. ఎండలో ఒంటికి ఎలా ఉంటుందో తెలీదు. అది నువ్వే చెప్పాలి."

తల్లి వైపు తిరిగి, నువ్వు దీన్ని నెత్తిన పెట్టుకోకు, అన్ని బట్టల్తోపాటు బండకేసి బాదెయ్, ఎండలో పారెయ్, ఎంతకాలం ఆగుతుందో చూడాలి అని చెప్పింది. చాలా స్పష్టంగా చెప్పింది. కానీ ఇద్దర్లో ఒక్కరూ సరిగ్గా వినలేదు. మేస్త్రీకి అన్ని మాటల్లోనూ నాన్నా అన్నదొక్కటే వినబడింది. దుప్పట్లమ్మకేమో ఇంట్లో మళ్ళీ మాట పుట్టిందన్న సంతోషం తప్ప మరేమీ బుర్రకెక్కలేదు. స్టవ్ గుడ్డ మాయమైంది ఆ తర్వాత వారంలోనే.

బట్టలుతికే రోజు దుప్పట్లమ్మ ఆ నీలం టీషర్టుని బండ దగ్గరకి తీసుకెళ్ళింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది. కన్నకూతురు మొదటిసారి తన పేరు మీద కుట్టించిన గుడ్డని రాయికేసి ఎలా కొడుతుంది? ఎవరూ చూడకుండా లోపలికెళ్ళి తలంటుకునే షాంపూ తెచ్చింది. చల్లనీళ్ళ బకెట్లో నాలుగు చుక్కలు వేసి, టీషర్టుని లోపలివైపు బయటికి తిప్పి నానబెట్టి, మెల్లగా పిసికి తీసింది. మెలిపెట్టి పిండితే పోగు దెబ్బతింటుందని తువ్వాలులో చుట్టి తడి లాగింది. భుజాలు పట్టి వేలాడేస్తే సాగుతుందని, నీడలో, తాడు మీద నడుం దగ్గర్నుంచి మడిచి ఆరేసింది. ఏ టీషర్టైనా పదికాలాలు ఉండాలంటే చెయ్యాల్సిన పద్ధతి అదే, అందులో తప్పేం లేదు. కాకపోతే కూతురు అడిగింది అది కాదు.

ఆ టీషర్టుకి చెమట వాసన రావడం లేదని కూడా ఆవిడ గమనించింది. మెడ దగ్గర జిడ్డుగీత లేదు, వీపు మీద ఉప్పు తెల్లగా తేలలేదు. ఇంకొకరి టీషర్టయితే వెంటనే అనుమానం వచ్చేది. ఇది కూతురిది కాబట్టి, ఎంత గొప్ప గుడ్డ తెచ్చింది నా తల్లి, చెమటని కూడా దగ్గరికి రానివ్వడం లేదు అని మురిసిపోయింది. కాకిపిల్ల కాకికి ముద్దని ఊరికే అనలేదు.

ఆదివారాలు కూతురు వచ్చి తండ్రి పక్కన కూర్చునేది. ఎలా ఉంది నాన్నా అని అడిగేది. చల్లగా గాలాడుతోందమ్మా అనేవాడాయన. మిరపకాయ టీషర్టుని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, కుట్లు లాగి, మెడ సాగదీసి చూసుకునేది. రంగు దిగలేదు, పోగు లేవలేదు, నడుం దగ్గర మెలి తిరగలేదు. ఇంత ఎండలో రోజూ వాడినా కొత్తదానిలా ఉందే అని దానికే ఆశ్చర్యం. ఆ తర్వాత ముగ్గురూ కలిసి భోంచేసేవాళ్ళు. తండ్రి జోకులకి కూతురు నవ్వేది. దుప్పట్లమ్మకి అంతకంటే కావల్సింది లేదు.

ఎండలు నడినెత్తికొచ్చిన రోజుల్లో మేస్త్రీకి భుజం పట్టేసింది. ఆదివారం పొద్దున్న కూతురు రాకముందే, కాస్త నూనె రాయమని చొక్కా విప్పి పీట మీద కూర్చున్నాడు. దుప్పట్లమ్మ చేతిలోకి నూనె వంపుకుని, రాయబోయి ఆగింది. ఎడమచెయ్యి మోచేతి దగ్గర్నుంచి కిందికి నల్లగా మాడింది, పైన మామూలు రంగులో ఉంది. పొట్టిచేతుల టీషర్టు వేసుకునే మనిషికి అలాగే ఉండాలి. కుడిచెయ్యి మాత్రం వేళ్ళ దగ్గర్నుంచి భుజం ఎముకదాకా ఒకటే నలుపు. వీపు మీద, చంకల కింద, ఎప్పుడో పొక్కి మానిన మచ్చలు.

ఆవిడ నూనె చేతిని అలాగే పెట్టుకుని ఆలోచించింది. చొక్కా చెయ్యి కింద ఎండ దూరదు. కుడిచెయ్యి లేని చొక్కా ఈ ఇంట్లో ఒక్కటే ఉండేది.

"ఏమండీ," అంది మెల్లగా, "నా స్టవ్ గుడ్డ మీ ఒంటిమీద ఏం చేస్తోంది?"

మేస్త్రీ తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. చివరికి మొత్తం కక్కేశాడు. కూతురిచ్చిన టీషర్టు మొదటి రెండు రోజులు నిజంగానే వేసుకున్నాడట. డ్రమ్ము పక్కన నిలబడేసరికి అది వీపుకి అంటుకుపోయి ఊడి రాలేదట. లోపలి చెమట బయటికి పోదు, బయటి గాలి లోపలికి రాదు, పైగా ముదురు రంగేమో ఎండనంతా పిలిచి కూర్చోబెట్టుకుందట. సాయంత్రానికి ఒళ్ళంతా పొక్కులు. ఉన్న రెండు నూలు టీషర్టులూ ఇంట్లో తీస్తే తెలిసిపోతుందని, మేకుకున్న గుడ్డ సంచిలో కుక్కుకున్నాడు. రోజూ వీధి మలుపు తిరిగాక ముఠా వ్యాను వెనక బట్టలు మార్చుకోవడం, నీలందాన్ని మడతపెట్టి డ్రైవరు పక్కన అరలో దాచడం, ఇంటికొచ్చేముందు మళ్ళీ తొడుక్కోవడం. ముఠాలో ఆయన్ని ఇప్పుడు ఒంటిచెయ్యి మేస్త్రీ అంటున్నారట.

"ఆ మాట దానికే చెప్పొచ్చుగా."

"ఎలా చెప్పను? ఒక్కసారి నోరు జారినందుకు రెండు కాలాలు నా మొహం చూడలేదు. ఇప్పుడు నీ చొక్కా నా ఒంటికి పడలేదు అంటే జన్మలో మాట్లాడుతుందా?" అన్నాడాయన. "గాలాడుతోందని చెప్పాను, అది మాత్రం అబద్ధం కాదు. ఆ చిల్లుల్లోంచి బాగానే ఆడుతోంది."

నవ్వాలో ఏడవాలో ఆవిడకి తెలీలేదు. ఆయన్ని తప్పుపట్టడానికి ఆవిడకి మొహం కూడా లేదు, షాంపూ సంగతి కడుపులో ఉంది. అది పైకి అనలేదు. మర్నాడు సంచిలోంచి ఆ ఒంటిచెయ్యి టీషర్టు తీసి, హాస్టల్లో పక్కన పడేసిన తెల్ల దిండు గలీబు ఒకటి కత్తిరించి, కుడిచెయ్యి కుట్టిపెట్టింది. అలా దొంగతనంలో ఆవిడకి కూడా వాటా వచ్చింది. మాడిన భుజం మాత్రం ఒక్క రోజులో తెల్లబడదు కదా.

ఆ వారంలోనే మిరపకాయ ఒక మధ్యాహ్నం చెప్పులు కూడా విప్పకుండా ఇంట్లోకి వచ్చింది. మొహం వెలిగిపోతోంది. మేస్త్రీ ముఠాలాంటి ముఠాలని చాలా నడిపించే కాంట్రాక్టరు, అందరికీ ఒకేరకం టీషర్టులు కొంటానన్నాడట. ఇది దక్కితే గదిలో రెండు కుట్టుమిషన్లు కాస్తా పది అవుతాయి. ఇది దక్కకపోతే స్నేహితురాలు ఇక తన దారి చూసుకుంటానంటోంది.

"మా నాన్న ఎండాకాలమంతా ఇదే వేసుకున్నాడు, రంగు కూడా చెదరలేదు, ఒంటికి చల్లగా ఉందని ఆయనే చెప్పాడు అన్నాను. రేపు నాన్నని ఆ టీషర్టుతోనే తీసుకురమ్మన్నాడు. కళ్ళతో చూసి ఆర్డరు ఇస్తాడట." అని, తండ్రి మోకాళ్ళ దగ్గర కూర్చుంది. "నువ్వు లేకపోతే ఇది నావల్ల అయ్యేది కాదు నాన్నా."

మేస్త్రీ కూతురి తల మీద చెయ్యి వేశాడు. అది వెళ్ళాక మాత్రం భార్యతో, తనకైతే వ్యాను చాటు ఉంది గానీ, ఒకసారి అందరికీ అదే చొక్కా అని ఖాయమైతే ఎవడూ విప్పడానికి వీల్లేదని, వ్యాను వెనక అన్ని ముఠాలు పట్టవని అన్నాడు. పొద్దున్నే చెప్పేస్తానన్నాడు. చెప్తాడనే దుప్పట్లమ్మ నమ్మింది. నమ్మక చేసేదేముంది, ముందు నుయ్యి వెనక గొయ్యి.

పొద్దున్న మిరపకాయ కాస్త ముందుగానే వచ్చింది. మేస్త్రీ తల దువ్వుకుని, నీలం టీషర్టు తొడుక్కుని, పెళ్ళిచూపులకి కూర్చున్నవాడిలా కుర్చీలో కూర్చున్నాడు. దుప్పట్లమ్మ టీ ఇచ్చింది. ఆయన తాగాడు. ఆవిడ ఆయన వైపు చూసింది. ఆయన గ్లాసు అడుగుకేసి చూశాడు. మిరపకాయ గుమ్మంలో నిలబడి, పద నాన్నా, ఆలస్యమైపోతుంది అంది. ఆయన లేచాడు. చెప్పులేసుకున్నాడు.

చెప్పడని దుప్పట్లమ్మకి అప్పుడర్థమైంది. మళ్ళీ మాటలాగిపోతాయేమోనన్న భయం ఆవిడకీ ఉంది, ఆయనకంటే ఎక్కువే ఉంది. కానీ కూతురి మాట నమ్మి ఎందరో బిడ్డలు డ్రమ్ముల పక్కన ఉడికిపోతారు, రేపు వాళ్ళ తల్లులూ పెళ్ళాలూ ఎవరిని తిడతారు? ఆవిడ రెండంగల్లో గుమ్మం దగ్గరికెళ్ళి, భర్త కుడిచెయ్యి పట్టుకుని టీషర్టు చెయ్యిని భుజం మీదికి తోసేసింది. తర్వాత ఎడమది తోసింది.

మిరపకాయ రెండు చేతులూ చూసింది. తనిఖీ గదిలో పనిచేసిన మనిషి, విడమర్చి చెప్పక్కర్లేదు.

"ఇది ఎన్నాళ్ళు వేసుకున్నావు నాన్నా?"

"రెండు రోజులమ్మా."

"మిగతా రోజులు?"

"మీ అమ్మ స్టవ్ గుడ్డ."

ఒక్కడే దొరికిపోయిన దొంగకి పక్కవాణ్ణి కూడా పట్టివ్వాలనిపిస్తుంది. మేస్త్రీకీ అనిపించింది. మీ అమ్మ మాత్రం తక్కువ తిందా, ఏనాడైనా దాన్ని బండకేసి కొట్టిందేమో అడుగు, చంటిపిల్లకి నీళ్ళు పోసినట్టు షాంపూతో పోసింది, కిటికీలోంచి నేను చూడలేదనుకుందేమో అన్నాడు. ఇన్నాళ్ళూ ఆయనకి తెలుసన్న సంగతి దుప్పట్లమ్మకి తెలీదు.

మిరపకాయ అరుస్తుందనుకున్నారు, అరవలేదు. గుమ్మం గడప మీద కూలబడింది.

"అంటే ఇది ఎండ చూడలేదు, బండా చూడలేదు," అంది. "దీన్ని పట్టుకుని నేను ఊరంతా తిరిగి గొప్పలు చెప్పుకున్నాను. నేను మిమ్మల్ని ప్రేమ అడగలేదు నాన్నా. చొక్కా వేసుకోమని అడిగాను."

ఆ మాట ఇద్దరికీ తగలాల్సిన చోట తగిలింది. మేస్త్రీ ఏదో చెప్పబోయాడు. మిరపకాయ చెయ్యి అడ్డం పెట్టి, ఆ టీషర్టు విప్పి ఇమ్మంది. లోపలికెళ్ళి తనే అది తొడుక్కుని వచ్చింది. దానికి అది వదులుగా, భుజాలు జారుతూ ఉంది. కాంట్రాక్టరుకి ఫోన్ చేసి, ఈ రోజు రావడం లేదండీ, నా వైపునుంచి ఒక పరీక్ష మిగిలిపోయింది, అయ్యాక నేనే వస్తాను అని చెప్పింది. తర్వాత, వ్యాను ఎక్కడాగుతుందో చూపించమంటూ తండ్రికంటే ముందే బయల్దేరింది. ఆయన ఇంట్లో ఉన్న నూలు టీషర్టొకటి గబగబా తొడుక్కుని, వద్దమ్మా ఎండ బాబోయ్ అంటూ వెనకాల పరిగెత్తాడు.

ఆ రోజు దుప్పట్లమ్మకి హాస్టల్లో పని సాగలేదు. ఒకే దుప్పటి మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది. మాటిమాటికీ కిటికీ దగ్గరికెళ్ళి తెల్లగా మెరుస్తున్న ఎండని చూసింది. ఇంటికొచ్చి వీధిలోనే నిలబడింది.

పొద్దు వాలుతుండగా ఇద్దరూ నడిచొచ్చారు. మిరపకాయ మొహం కందగడ్డలా ఉంది. మెడచుట్టూ ఎర్రగా చారలు. టీషర్టు వీపుకి అతుక్కుపోతే తల్లి మెల్లగా ఊడదీసింది. లోపల వీపంతా దద్దుర్లు, కొన్ని చోట్ల పొక్కులు కూడా తేలాయి. అదే చోట్ల భర్త వీపు మీద మచ్చలు చూసిన సంగతి ఆవిడకి గుర్తొచ్చింది. చల్లనీళ్ళలో గుడ్డ ముంచి అద్దింది. నీకేం ఖర్మే తల్లీ, నాలుగు మాటలు చెప్తే సరిపోయేది కదా అని గొణిగింది.

"ఎవరు చెప్పారమ్మా నాలుగు మాటలు?" అంది మిరపకాయ నీరసంగా.

మేస్త్రీ దగ్గరికి రాకుండా దూరంగా పీట మీద కూర్చున్నాడు. రోజంతా కూతుర్ని నీడకి పొమ్మని బతిమాలుతూనే ఉన్నాడట, అది కదల్లేదట. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నాన్నా, రెండోరోజు మళ్ళీ ఎందుకు వేసుకున్నావు? మొదటి రోజే ఇలా అయ్యుంటుంది కదా."

"అలవాటైతే సర్దుకుంటుందేమోనని," అన్నాడాయన. "నీ గుడ్డది తప్పు కాదు, నా తోలుదే అనుకున్నాను."

అప్పుడు ఏడ్చింది మిరపకాయ. పొద్దున్న రావాల్సిన ఏడుపు సాయంత్రం వచ్చింది. తల్లి ఒళ్ళో తల పెట్టి, వీపు మంట వల్ల వెల్లకిలా పడుకోలేక, బోర్లా పడుకుని ఏడ్చింది.

"తప్పు నాదే. ఈ గుడ్డ మీద నాకు మొదట్నుంచీ అనుమానమే. నిజం చెప్పేవాణ్ణి అడగాల్సింది. మీ ముఠాలో ఎవడికైనా ఇచ్చుంటే సాయంత్రానికే మొహాన కొట్టేవాడు. కాదనలేనివాళ్ళని అడిగాను."

"కాదన్నప్పుడు నువ్వు కంచం ముందునుంచి లేచిపోయావు కదే," అన్నాడు మేస్త్రీ. ఆ మాట కోపంగా అనలేదు.

"నువ్వు కాదన్నది గుడ్డని కాదు నాన్నా. నన్ను."

మేస్త్రీ పీట మీదనుంచి లేచి వచ్చి కూతురి తల దగ్గర కింద కూర్చున్నాడు. ఆ రోజు నేనన్నది చాలా తప్పు మాటమ్మా అన్నాడు. తనది తప్పన్న మాట ఆయన నోటివెంట రావడం దుప్పట్లమ్మ కాపురానికొచ్చాక అదే మొదటిసారి. ఆవిడ తడిగుడ్డ నీళ్ళలో ముంచుతున్నట్టు మొహం పక్కకి తిప్పుకుంది.

మర్నాడు మిరపకాయ మెడ మీద ఎర్రచారలతోనే కాంట్రాక్టరు దగ్గరికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన మెచ్చుకోలేదు. ఇంత ఆలస్యంగా చెప్తే ఎలాగమ్మా అని విసుక్కున్నాడు. చివరికి, ముందు ఒక్క ముఠాకి కుట్టివ్వు, వాళ్ళు ఊ అంటే అప్పుడు చూద్దాం, అదీ నీ తండ్రి ముఠాయే కానివ్వు, తిట్లైనా బయటికి పోవు అన్నాడు. స్నేహితురాలు మొహం ముడుచుకుంది గానీ వెళ్ళిపోలేదు, గుడ్డ చూడ్డానికి కూడా వచ్చింది. ఈసారి అచ్చంగా నూలు. లేత రంగు, వదులు అల్లిక. మెడ సాగకుండా, భుజాలు జారకుండా లోపల పట్టీ వేసి కుట్టించింది. ఇది వెలుస్తుంది నాన్నా, ఆ నీలందాని అంత కాలం కూడా ఉండదు అని ముందే చెప్పింది. వెలిస్తే వెలిసిందిలే, మనిషి వాడిపోకుండా ఉంటే చాలు అన్నాడాయన.

కొత్త టీషర్టుతో పనికెళ్ళిన మొదటి సాయంత్రం మేస్త్రీ ఇంటికొచ్చేసరికి, వీపు మీద ఉప్పు ప్రపంచపటంలా తేలి ఉంది. చెమట వాసన గుమ్మంలోంచే తెలిసింది. కూతురు ఎదురొచ్చి నిలబడింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. భార్య వైపు ఒకసారి చూశాడు. మొదలుపెట్టాడు. గాలాడుతోంది, చెమట ఆరుతోంది, అది బాగుంది. మెడ వెనక చీటీ గీరుతోంది, తీసెయ్. చంక కింద బిగుతు, బండి లాగేటప్పుడు చెయ్యి లేవడం లేదు. నడుం పొట్టి, వంగితే వీపు కనబడి ఎండ అక్కడ కాటేస్తోంది. వ్యాను డ్రైవరైతే ఇది చొక్కానా చంటిపిల్లాడి అంగీనా అని అడిగాడు.

మాటమాటకీ ఆయన కూతురి మొహంలోకి భయంభయంగా చూస్తున్నాడు. మిరపకాయ మొహం మాత్రం ఒక్కో తప్పుకీ ఒక్కింత విచ్చుకుంటోంది. ఇంకా నాన్నా, ఇంకా అంటోంది. చివరికి ఆయనకే చెప్పడానికేం మిగల్లేదు.

టీషర్టు విప్పి ఇస్తే దుప్పట్లమ్మ బకెట్లో పడేసింది. చెమటని ఆరనిస్తే గుడ్డ కుళ్ళుతుంది, వెంటనే తడపాలి. చెయ్యి అలవాటుగా షాంపూ వైపు వెళ్ళింది. వెనక కూతురు చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ షాంపూ వదిలేసి సబ్బు తీసుకుంది. బండ మీద పరిచి రుద్ది, ఎత్తి ఒక్కటి కొట్టింది. అదేం దెబ్బ, ఈగ కూడా లేవదు అంది కూతురు. ఆవిడ పళ్ళు బిగించి కొట్టింది. ఇంకా గట్టిగా అంది కూతురు. ఒక్కో దెబ్బా తన ఒంటి మీదే పడుతున్నట్టుంది ఆవిడకి, అయినా ఆపలేదు. మొహం మీద పడ్డ నీళ్ళలో బకెట్ నీళ్ళెన్నో, కంటినీళ్ళెన్నో ఎవరూ లెక్కెట్టలేదు.

జాడించి, దులిపి, పొద్దువెలుగుకి ఎత్తి పట్టుకుంది. ఎడమ భుజం దగ్గర పట్టీ పక్కన కుట్టు విడిచింది. గోరంత మేర. మిరపకాయ అప్పుడే తండ్రికి మంచినీళ్ళివ్వడానికి లోపలికెళ్ళింది. దుప్పట్లమ్మ వేళ్ళు వాటంతటవే ఆ చోటుని గుప్పిట్లోకి తీసుకున్నాయి. సూదీదారం అలమారలోనే ఉంది, రెండు పోట్లు పొడిస్తే ఎవరికీ తెలీదు, పిల్ల సంతోషంగా పడుకుంటుంది.

ఆవిడ గుప్పిట విప్పింది.

"ఏమే, ఇలా రా," అని కేకేసింది. "ఇదిగో, ఇక్కడ కుట్టు వదిలింది చూడు."

మిరపకాయ పరిగెత్తుకుంటూ వచ్చింది. వదిలిన కుట్టుని వేలితో తడిమి చూసింది. తర్వాత ఆ తడి టీషర్టుతో సహా తల్లిని గట్టిగా పట్టుకుంది.